ముగ్గురికి ఒక్క యంత్రం: బడిపిల్లల ప్రోగ్రామింగు జట్టు పోటీల కథ

ఉర్దూ బడిలో చదివిన వారికి బైత్‌బాజీ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. రెండు జట్లు ఎదురెదురుగా కూర్చుంటాయి. ఒక జట్టు చదివిన షేర్ ఏ అక్షరంతో ముగిసిందో, ఆ అక్షరంతో మొదలయ్యే షేర్‌ను రెండవ జట్టు అందుకోవాలి. జట్టులో ఒకడికి జ్ఞాపకశక్తి ఎక్కువ, ఇంకొకడికి గొంతు బాగుంటుంది. మూడోవాడు ఊరికే కూర్చున్నట్టు కనిపిస్తాడు గాని, కష్టమైన అక్షరం వచ్చి పడ్డప్పుడు పక్కవాడి చెవిలో ఊదేది వాడే. అదే పిల్లలను లెక్కల పరీక్షకు తెచ్చినప్పుడు మనం ఏం చేస్తాము? తలో మూల కూర్చోబెడతాము. పక్కకు చూస్తే కాగితం లాక్కుంటాము. షేర్ కలిసి చదవొచ్చు గాని లెక్క మాత్రం ఒంటరిగానే చెయ్యాలని ఎప్పుడో తీర్మానించేసుకున్నాము.

బడిపిల్లలకు పెట్టే ప్రోగ్రామింగు జట్టు పోటీలో సరుకు లెక్కల పరీక్షది, నడక బైత్‌బాజీది. ముగ్గురు పిల్లలు, ఒక బల్ల, ఒకే ఒక్క కంప్యూటరు, ఐదు గంటల గడువు. ఎనిమిదో పదో లెక్కలు అచ్చు వేసిన కాగితాలు వారి ముందుంటాయి. గుసగుసలాడుకోవచ్చు, వాదించుకోవచ్చు, అవసరమైతే పోట్లాడుకోవచ్చు. ఈ పోటీ ఎక్కడ పుట్టింది, బడుల దాకా ఎలా వచ్చింది, దాన్ని నడపడానికి నిజంగా ఏం కావాలి అన్న సంగతులు సభ్యులకూ తల్లిదండ్రులకూ తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము. "మా బడిలో కంప్యూటర్లు చాలవు, మా పిల్లలకు ఇంగ్లీషు రాదు" అని ముందే చేతులెత్తేసే వారు మనలో ఎక్కువ. ఈ పోటీల చరిత్ర చూస్తే ఆ రెండు మాటలూ నిలిచేవి కావు.

మొదట ఇది కాలేజీల పోటీ. 1970లో అమెరికాలోని టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో, ఉప్సిలాన్ పై ఎప్సిలాన్ అనే కంప్యూటరు విద్యార్థుల సంఘం శాఖవారు దీన్ని మొదలుపెట్టారు. అప్పటికి ఇంటింటా కంప్యూటరు అన్న మాటే లేదు. విశ్వవిద్యాలయం మొత్తానికి ఉండే పెద్ద యంత్రం గదిలో ఉంటుంది. ప్రోగ్రామును అట్ట కార్డుల మీద రంధ్రాలుగా పొడిపించి, కార్డుల కట్ట కిటికీలో ఇచ్చి, ఫలితం అచ్చయి వచ్చేదాకా రేషను దుకాణం ముందు నిలబడ్డట్టు వేచి ఉండాలి. ఒక కామా తప్పు పడితే మళ్లీ మొదటికి రావలసిందే. 1977లో అట్లాంటా నగరంలో ఏసీఎం అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘం సమావేశంతో పాటు మొదటి ఫైనల్సు జరిగాయి. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం గెలిచింది. ఐసీపీసీ అని ఇప్పుడు ప్రపంచమంతా పిలిచే పోటీ ఇదే. 2002లో చైనాలోని షాంఘై జియావో టోంగ్ విశ్వవిద్యాలయం గెలిచేదాకా ఆసియా జట్టు ఏదీ మొదటి స్థానం అందుకోలేదు.

బడిపిల్లల సంగతికి వస్తే, అమెరికాలోనే 1978లో అమెరికన్ కంప్యూటర్ సైన్స్ లీగ్ మొదలైంది. ఎవరి బడిలో వారు రాసి, మార్కులు కలిపి బడి పేరున లెక్కవేసుకునే పద్ధతి అది. మంచి పద్ధతే గాని, అందులో జట్టు అంటే కూడిక మాత్రమే. ఒకే బల్ల దగ్గర ఒకే యంత్రాన్ని పంచుకునే జట్టు వేరు. ఆ తేడా ఐసీపీసీ నియమాల్లో ఉంది కాబట్టి, చరిత్రను కాసేపు ఆపి వాటిని చెప్పుకోవాలి.

దశాబ్దాల మీద స్థిరపడిన నియమాలు ఇవి. లెక్కకు సగం మార్కులు, పావు మార్కులు అన్నవి లేవు. ప్రోగ్రాము అన్ని పరీక్షల్లోనూ సరైన జవాబు ఇస్తేనే లెక్క అయినట్టు. ఎక్కువ లెక్కలు చేసిన జట్టు ముందు. సమానంగా చేసిన జట్లకు కాలం లెక్క. పోటీ మొదలైన నలభయ్యవ నిమిషంలో ఒక లెక్క పూర్తయితే 40 నిమిషాలు పడతాయి. అంతకుముందు ఆ లెక్కను రెండుసార్లు తప్పుగా పంపి ఉంటే తప్పుకు ఇరవై చొప్పున మరో 40. మొత్తం 80. తొందరపడి పంపినవాడికీ, ఆలోచిస్తూ కూర్చుండిపోయినవాడికీ ఇద్దరికీ నష్టమే. ఇన్ని తప్పులు పంపినా చివరికి పూర్తి కాని లెక్కకు మాత్రం శిక్ష లేదు. ఈ ఒక్క నియమం పెట్టినవారు పిల్లల మనసు తెలిసినవారు అని మా అభిప్రాయం.

ఇక యంత్రం ఒకటే కావడం. చూసేవారికి ఇది పిసినారితనంగా కనిపిస్తుంది. పోటీకి ప్రాణం మాత్రం ఇందులోనే ఉంది. ఒకరు కీబోర్డు దగ్గర ఉండగా మిగిలిన ఇద్దరు కాగితం మీద పనిచేయాలి. లెక్క పూర్తిగా ఆలోచించకుండా యంత్రం ముందు కూర్చుంటే, ఇంకొకరి సమయం తినేసినట్టే. తప్పు వస్తే ప్రోగ్రామును అచ్చు తీసుకుని, కుర్చీ ఖాళీ చేసి, పక్కకు వెళ్లి పెన్సిలుతో వెతుక్కోవాలి. అప్పుడు తాను రాసింది ఇంకొకరికి చదివి వినిపించవలసి వస్తుంది. పైకి చదివి వినిపిస్తుండగా తప్పు దానంతటదే బయటపడడం, పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడికీ తెలిసిన సంగతే.

కంప్యూటర్లు తక్కువైన చోట ప్రోగ్రామింగు ఎలా నేర్పారు అన్నదానికి పెద్ద ఉదాహరణ సోవియట్ దేశం. అక్కడ ఆంద్రేయ్ యెర్షోవ్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవారు. 1979లో ఆయన, అమెరికాకు చెందిన డొనాల్డ్ క్నూత్ కలిసి అల్గారిథమ్‌ల మీద ఒక సదస్సు జరిపారు. దానికి వారు ఎంచుకున్న చోటు ఉజ్బెకిస్తాన్‌లోని ఉర్గెంచ్. అది ఖ్వారజ్మ్ ప్రాంతం. తొమ్మిదవ శతాబ్దంలో బగ్దాదులో ఉండి గణితం రాసిన ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారజ్మీ పేరులో ఉన్న ఊరు అదే. ఆయన పేరును లాటిన్ వాళ్లు పలికిన తీరులోంచే అల్గారిథమ్ అన్న మాట వచ్చింది. ఈ సంగతి మనవాళ్లు సభల్లో గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవడం తప్పు కాదు. అయితే ఆ ఇద్దరూ గర్వపడి ఊరుకోలేదు, అక్కడికి పోయి పనిచేశారు.

1981లో స్విట్జర్లాండులోని లొసాన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో యెర్షోవ్ ప్రోగ్రామింగును రెండవ అక్షరాస్యతగా వర్ణిస్తూ ప్రసంగించారు. నాలుగేళ్లకు, 1985 సెప్టెంబరు 1 నుంచి, సోవియట్ ఉన్నత పాఠశాలల చివరి రెండు తరగతులకు ఇన్ఫర్మాటిక్స్ పాఠ్యాంశం అయింది. దేశమంతటా ఒకేసారి. కాని ఎక్కువ బడుల్లో కంప్యూటరే లేదు! మన దగ్గరయితే "యంత్రాలు వచ్చాక చూద్దాం" అని ఫైలు మూసేవారు. అక్కడ నోటుపుస్తకంలో ప్రోగ్రాములు రాయించారు. దానికోసం ఒక చిన్న భాషను తయారుచేశారు. అందులో మాటలు ఇంగ్లీషువి కావు, రష్యన్‌వి. మొదలు, ముగింపు, అయితే, లేకపోతే వంటి మాటలు పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలోనే ఉండేవి. ఉపాధ్యాయుడే యంత్రమై, పిల్ల రాసిన ఒక్కొక్క పంక్తినీ చదువుతూ పలక మీద అంకెలు మార్చుతూ పోయేవాడు. ఇది పూర్తి విద్య కాదని అప్పుడే చాలామంది విమర్శించారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. ఈత పుస్తకం చదివి ఎవరూ ఈదలేరు. అయినా మూడేళ్లు తిరగకుండా 1988లో స్వెర్ద్‌లోవ్స్క్ నగరంలో మొదటి అఖిల సోవియట్ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ జరిగింది. యెర్షోవ్ ఆ సంవత్సరం డిసెంబరులోనే కన్నుమూశారు.

ఇదే కాలంలో బల్గేరియా దేశం ఇంకొక అడుగు ముందుకు వేసింది. 1987లో యునెస్కో మహాసభలో ప్రొఫెసర్ బ్లాగొవెస్త్ సెందోవ్ బడిపిల్లలకు అంతర్జాతీయ పోటీ పెట్టాలని ప్రతిపాదించారు. 1989 మే నెలలో ప్రావెత్స్ అనే చిన్న పట్టణంలో మొదటి అంతర్జాతీయ ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ జరిగింది. ఆ ఊరి పేరుతోనే కంప్యూటర్లు తయారయ్యే కర్మాగారం అక్కడ ఉండేది. పదమూడు దేశాల పిల్లలు వచ్చారు. ఇచ్చింది ఒకే ఒక్క లెక్క. అది ఎంత సొగసైనదంటే, దానికి కంప్యూటరు కూడా అక్కరలేదు, పది అగ్గిపెట్టెలు చాలు.

పది పెట్టెలు వరసగా పెట్టండి. పక్కపక్కన ఉన్న ఏవైనా రెండు ఖాళీగా ఉంచండి. మిగిలిన ఎనిమిదింటిలో నాలుగింటిలో చింతగింజలు, నాలుగింటిలో శనగలు కలగాపులగంగా వేయండి. పక్కపక్కన ఉన్న రెండు పెట్టెల్లోని సరుకును, వరస చెడకుండా, ఆ రెండు ఖాళీ పెట్టెల్లోకి మార్చవచ్చు. అదొక ఎత్తు. ఇలా ఎత్తులు వేస్తూ, చింతగింజలన్నీ ఎడమకు, శనగలన్నీ కుడికి చేర్చాలి. ఖాళీలు ఎక్కడున్నా ఫరవాలేదు. అసలు లెక్కలో గింజల బదులు ఎ, బి అనే అక్షరాలు, అంతే తేడా. అతి తక్కువ ఎత్తుల్లో ఎలా చేయాలో, అసలు కుదురుతుందో లేదో ప్రోగ్రాము చెప్పాలి. ఏడో జమాత్ పిల్లల ముందు ఇది పెట్టి చూడండి. గంట కొట్టినా లేవరు.

ఈ ఒలింపియాడ్‌కు దేశానికి నలుగురు వెళతారు గాని, ఎవరి యంత్రం వారిది, ఎవరి పతకం వారిది. జట్టు అన్నది జెండా వరకే. బడిపిల్లలకు ఐసీపీసీ పద్ధతిలో, ముగ్గురికి ఒక యంత్రంతో, దేశమంతటికీ కలిపి నడిపిన పెద్ద పోటీ 2000లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదలైంది. దాన్ని అఖిల రష్యా బడిపిల్లల జట్టు ప్రోగ్రామింగు ఒలింపియాడ్ అంటారు. నడిపినవారు అక్కడి ఐటీఎంఓ విశ్వవిద్యాలయంవారు. ముందు ప్రాంతాల్లో పోటీలు, అందులో నెగ్గిన జట్లకు ఫైనల్సు. లెక్కలు రష్యన్ భాషలోనే ఉంటాయి.

ఆ నగరం సంగతి ఒక్క అంకెతో చెప్పొచ్చు. 2000 నుంచి 2017 వరకు జరిగిన పద్దెనిమిది ఐసీపీసీ ప్రపంచ ఫైనల్సులో పదకొండు ఆ ఒక్క ఊరికే దక్కాయి. ఐటీఎంఓకు ఏడు, సెయింట్ పీటర్స్‌బర్గ్ స్టేట్ విశ్వవిద్యాలయానికి నాలుగు. బడిపోటీ వల్లే ఇదంతా వచ్చిందంటే అతిశయోక్తి అవుతుంది, మొదటి రెండు విజయాలు 2000, 2001లో వచ్చినవే. అక్కడ గణిత పాఠశాలలు, సాయంకాలపు గణిత మండళ్లు దశాబ్దాలుగా ఉన్నాయి. మాకు ముఖ్యంగా తోచింది వేరు. ఐటీఎంఓ జట్లకు శిక్షణ ఇచ్చిన ఆంద్రేయ్ స్టాంకెవిచ్ ఒకప్పుడు ఇదే పోటీలో పోటీదారు. పోటీ నుంచి బయటికి వచ్చినవారు ఉద్యోగం చూసుకుని మరచిపోక, తిరిగివచ్చి తరువాతి పిల్లలకు లెక్కలు తయారుచేస్తారు. గెలిచినవాడు ఉస్తాద్ అవుతాడు. యంత్రాలు కొనుక్కోవచ్చు, ఈ అలవాటు ఎక్కడా దొరకదు.

ఎందుకంటే పోటీ నడపడంలో అసలు శ్రమ పోటీ రోజున లేదు. నెలల ముందు, లెక్కలు తయారుచేయడంలో ఉంది. ఒక ఉదాహరణ చెప్పి చూపిస్తాము. "దుకాణంలో లక్ష వస్తువులున్నాయి, ధరలు ఇచ్చాము. చేతిలో ఉన్న పైకం మొత్తం ఖర్చయ్యేలా సరిగ్గా రెండు వస్తువులు కొనగలమా?" ఇదీ లెక్క. అందరికీ మొదట తోచే దారి, ప్రతి వస్తువునూ మిగతా ప్రతి వస్తువుతోనూ జతచేసి చూడడం. అలా జతలు దాదాపు 500 కోట్లు అవుతాయి. యంత్రం సెకనుకు పది కోట్ల జతలు చూస్తుందనుకున్నా యాభై సెకన్లు పడుతుంది. జడ్జీలు ఇచ్చే గడువు రెండు సెకన్లు. మరి దారి? ధరలను చిన్న నుంచి పెద్దకు వరసలో పెట్టాలి. ఒక వేలు అన్నిటికన్నా చవక వస్తువు మీద, ఇంకొక వేలు అన్నిటికన్నా ఖరీదైన దాని మీద ఉంచాలి. రెండూ కలిపి పైకాన్ని మించితే ఖరీదు వైపు వేలిని ఒకటి వెనక్కి జరపాలి. తక్కువైతే చవక వైపు వేలిని ఒకటి ముందుకు జరపాలి. వేళ్లు కలుసుకునేలోపు లక్ష అడుగులు మించవు. వరసలో పెట్టడానికి సుమారు పదిహేడు లక్షల పోలికలు. రెప్పపాటులో అయిపోతుంది. యంత్రం వేగం పదింతలు పెరిగినా మొదటి దారి ఐదు సెకన్లు తింటుంది, అప్పటికీ గడువు దాటినట్టే.

ఇంతటితో లెక్క తయారైనట్టు కాదు. దానికి పరీక్షలు రాయాలి. వస్తువు ఒక్కటే ఉంటే? అన్ని ధరలూ ఒకటే అయితే? ఒకే వస్తువును రెండుసార్లు లెక్కపెట్టే తప్పును పట్టే పరీక్ష ఏది? లక్షకు లక్షా నిండిన పెద్ద పరీక్ష ఉందా? ఇద్దరు వ్యక్తులు ఒకరిదొకరు చూడకుండా వేరువేరుగా ప్రోగ్రాము రాసి, రెండు జవాబులూ కలిస్తేనే ఆ లెక్కను పోటీలోకి తీసుకోవాలి. ఈ జాగ్రత్త లేకపోతే, జడ్జీల జవాబే తప్పయి, సరిగ్గా చేసిన పిల్లలు ఐదు గంటలూ తమ తప్పు వెతుక్కుంటూ కూర్చుంటారు. పరీక్ష పేపరు రాసే వృత్తిలో ఉన్నవాళ్లం, అంతకు మించిన అన్యాయం మాకు తెలియదు.

పోటీ రోజు పని వీటితో పోలిస్తే సులభం. జవాబులను దిద్దడానికి ఉచితంగా దొరికే ఏర్పాట్లు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో పుట్టిన డోమ్‌జడ్జ్, అమెరికాలోని శాక్రమెంటోలో తయారైన పీసీ స్క్వేర్డ్ అలాంటివి. పిల్ల ప్రోగ్రాము పంపగానే అవే నడిపి, సరి, తప్పు, గడువు దాటింది అని చెప్పేస్తాయి. ఎక్కడ తప్పో మాత్రం చెప్పవు. లెక్క సరి అయిన జట్టు బల్లకు ఆ లెక్క రంగు బెలూను కడతారు. దాంతో హాలంతటికీ ఏ లెక్క తేలికో తెలిసిపోతుంది. చివరి గంటలో పట్టిక మీద ఇతర జట్ల ఫలితాలు కనిపించకుండా ఆపేస్తారు. ఎవరు గెలిచారో బహుమతుల వేళ దాకా తెలియదు. ఇది కొంచెం నాటకమే, కాని పిల్లలకు నాటకం ఇష్టం.

ఒక హెచ్చరిక మాత్రం చేయక తప్పదు. ముగ్గురికి ఒక యంత్రం అన్నప్పుడు, గట్టిగా మాట్లాడేవాడు కీబోర్డు పట్టుకుని వదలడు. ఆడపిల్లలు, మగపిల్లలు కలిసిన జట్టులో అమ్మాయికి కాగితం పని అప్పజెప్పి కూర్చోబెట్టడం చాలా సులభంగా జరిగిపోతుంది. ఈ రంగంలో అమ్మాయిలు తక్కువగా కనబడుతున్నారనే యూరోపులో ఆడపిల్లలకు ప్రత్యేక ఇన్ఫర్మాటిక్స్ ఒలింపియాడ్ పెట్టారు. మొదటిది 2021లో స్విట్జర్లాండువారు జరిపారు. మన వరకు, అమ్మాయిల జట్లు అమ్మాయిలవిగానే ఉంటే తల్లిదండ్రులకూ ఇబ్బంది ఉండదు, కీబోర్డూ చేతికి వస్తుంది.

మన దేశం విషయం. 1984లో క్లాస్ అనే పథకం కింద సుమారు 250 బడులకు ఇంగ్లండులో తయారైన బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చారు. యంత్రాలు వచ్చాయి, నేర్పేవారు చాలలేదు. సోవియట్ వారిది యంత్రాలు లేని పాఠమైతే, మనది పాఠం లేని యంత్రం. అంతర్జాతీయ ఒలింపియాడ్‌కు మన పిల్లలు 2002 నుంచి వెళుతున్నారు. వారిని ఎంపిక చేసే భారతీయ కంప్యూటింగ్ ఒలింపియాడ్‌లో మెచ్చుకోదగిన ఏర్పాటు ఒకటి ఉంది. మొదటి మెట్టులో, ప్రోగ్రాము రాయడం రాని పిల్లల కోసం, కాగితం పెన్సిలుతో రాసే పరీక్ష ఒకటి పెట్టారు. కంప్యూటరు ముట్టుకోని పిల్ల కూడా అల్గారిథమ్ ఆలోచించగలిగితే ఆ మెట్టు ఎక్కవచ్చు. జట్టు పోటీలు మాత్రం మన దగ్గర కాన్పూరు, అమృతపురి వంటి చోట్ల కాలేజీ పిల్లలకు జరిగాయి గాని, బడులవైపు అంతగా రాలేదు.

ఇంగ్లీషు మాటకు వద్దాము. అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో ఒక ఆచారం ఉంది. పోటీకి ముందు రాత్రి ప్రతి దేశపు పెద్దలూ కూర్చుని లెక్కలను తమ తమ భాషల్లోకి అనువదిస్తారు. తెల్లవారి పిల్లలు తమ భాషలోనే లెక్క చదువుకుంటారు. ప్రపంచ స్థాయిలో ఇది చెల్లినప్పుడు మన మండలంలో చెల్లదా? ప్రోగ్రాములో వచ్చే ఇంగ్లీషు మాటలు ముప్పయ్యో నలభయ్యో. వాటిని నెలలో నేర్చుకోవచ్చు. పిల్లను నిలబెట్టేసేది ఆ ముప్పై మాటలు కాదు, పేజీన్నర ఇంగ్లీషులో రాసిన లెక్క. అదే దుకాణం లెక్కను ఉర్దూలోనూ తెలుగులోనూ ఇచ్చి చూడండి.

ఆరు పాత కంప్యూటర్లు, ఒక ప్రింటరు, రెండు గదులు ఉంటే పద్దెనిమిది మంది పిల్లలకు పోటీ పెట్టవచ్చు. మొదటిసారి ఐదు గంటలు వద్దు, మూడు చాలు. పది లెక్కలు వద్దు, ఐదు చాలు. అందులో రెండు ప్రతి జట్టూ చేయగలిగినంత తేలికగా ఉండాలి, ఒక్క బెలూను లేకుండా ఏ బల్లా మిగలకూడదు. ఐదు లెక్కలకు, వాటి పరీక్షలకు, రెండు భాషల అనువాదాలకు నలుగురు మనుషులు, నాలుగు నెలలు కావాలి. యంత్రాలను ఏదో ఒక బడి ఆదివారం పూట ఇస్తుంది. ఇంజనీరింగు చదివి ఉద్యోగాల్లో ఉన్న మన సంఘం పాత విద్యార్థులు, లెక్కలు రాయడానికి ఒప్పుకునేవారు, తమ పేర్లు రంజాను సెలవుల లోపు సంఘ కార్యాలయంలో ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. ఉర్దూ అనువాదం పని మేము చూసుకుంటాము.